సర్వపిండి రొట్టె అవునా, కాదా

సిద్దిపేటలో మా బడి చదువంతా ఉర్దూలో సాగే రోజులవి. పిల్లలకు పరిపాలన తెలియాలని హెడ్‌మాస్టరు విద్యార్థుల కమిటీ ఒకటి పెట్టించారు. దానికి సదర్‌గా, అంటే అధ్యక్షుడిగా, నాకంటే రెండు తరగతులు పైన చదివే వకీలుగారి అబ్బాయి గెలిచాడు. తరగతి గదుల్లో తిండి రాలి చీమలు పడుతున్నాయని అతను మొదటి చట్టం తెచ్చాడు. బడిలో చిరుతిండి తినకూడదు. మధ్యాహ్నం అన్నమో రొట్టో మాత్రం తినవచ్చు.

ఆ వారమే నా సర్వపిండి పట్టుబడింది. బియ్యప్పిండిలో పల్లీలు, కారం కలిపి, సర్వగిన్నె లోపలి గోడలకు అద్ది మా అవ్వ కాల్చేది. అది కూడా రొట్టేనని నేను వాదించాను. సదర్ దాన్ని తిప్పి చూసి, కోర్టులో తీర్పు చెప్పినట్టు గొంతు సవరించుకున్నాడు.

"పెంక మీద కాలిందే రొట్టె. గిది సర్వల కాలింది. చిరుతిండే."

ఇంటికి వెళ్ళి చెబితే అవ్వ పొయ్యి ముందు కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మర్నాడు అదే పిండిని పెంక మీద, అంటే రొట్టెల పెనం మీద, అద్ది కాల్చి ఇచ్చింది. సదర్ వాసన చూశాడు, అంచు గిల్లాడు, దాన్ని నా చేతికి తిరిగిచ్చి వెళ్ళిపోయాడు.

అది చూసి బడంతా తెలివిమీరింది. పెంక మీద వేయించిన పల్లీలు జేబుల నిండా తెచ్చుకుని, ఇవి చిన్న రొట్టెలని చెప్పసాగారు. రొట్టెకు పిండి ఉండి తీరాలని సదర్ చట్టం సవరించాడు. మరునాడు వాళ్ళు పల్లీలను దంచుకొచ్చారు. దంచితే పిండే కదా అన్నారు. పాపం, అతనికి రాత్రిళ్ళు కూడా రొట్టెలే కలలోకి వచ్చి ఉంటాయి. కమిటీలో సగం మంది అతని మీద తిరగబడ్డారు. కొత్త సదర్ కావాలని గోల చేశారు.

హెడ్‌మాస్టరు అందరినీ పిలిపించారు. ఇంత వాదించావు, రొట్టె అంటే ఏమిటో నువ్వే చెప్పమని నన్ను నిలబెట్టారు. అన్నం గురించి కూడా అడుగుతారేమోనన్న భయంతో నోటికొచ్చింది అనేశాను.

"ఏదన్న తిననియ్యున్రి సార్. తిన్నోడే ఊడ్వాలె."

హెడ్‌మాస్టరు మీసం చాటున నవ్వి, ఇది ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది సదరే. అతని పదవి నిలిచింది.

మరునాడు మధ్యాహ్నం అతను నా పక్కన కూర్చుని రుమాలు విప్పాడు. అందులో నూనెలో వేయించిన సకినాలు, అసలైన చిరుతిండి. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్నా చట్టానికి కట్టుబడి తేలేదట. ఒకటి తుంచి నా చేతిలో పెట్టి, నేను నోట్లో వేసుకోగానే ఇంకో చేతికి చీపురు అందించాడు.

"నువ్వు గూడ తిన్నవ్ గదా," అన్నాడు.