నాలుగో పిలుపు

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చినప్పుడు, వరంగల్‌కు సరిహద్దు ఎంత దూరమో తొమ్మిదో తరగతి చదివే మొగిలమ్మకు తెలియదు. ఆ మాటకొస్తే పెద్దలకూ తెలిసినట్టు లేదు. కాజీపేట జంక్షన్ మీద బాంబు వేస్తారట అని ఎవరో అన్నారు, అంతే. ఆడపిల్లల బడి కిటికీ అద్దాలన్నింటికీ నల్ల కాగితాలు అతికించారు. ఆటస్థలంలో కందకం తవ్వించారు. పట్టపగలే గదుల్లో దీపం పెట్టుకుని పాఠాలు చదువుకోవాల్సి వచ్చింది.

దానికి తోడు వాలంటీర్ల సంఘం ఒకటి వెలిసింది. సరస్వతి టీచర్ దానికి పెద్ద. దుకాణదారుల పిల్లలు ఇంటి నుంచి ఉన్ని తెచ్చుకుని జవాన్లకు స్వెట్టర్లు అల్లేవారు. మొగిలమ్మ తండ్రి మొండయ్య ధాన్యం మార్కెట్లో హమాలీ. ఉన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకని ప్రథమ చికిత్స జట్టులో చేరింది. చేరాక ఆ పని తన చేతికి బాగా అబ్బుతుందని తెలిసింది. ఆమె కట్టిన కట్టు జారేది కాదు.

"నర్సువైనంక నాకు మాత్రం సూది వెయ్యకు తల్లీ," అని సావిత్రి ఆటపట్టించేది. సావిత్రి బట్టల దుకాణం వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఆ బడిలో మొగిలమ్మ పక్కన కూర్చుని, తన డబ్బాలోది సగం పెట్టిన పిల్ల ఆమె ఒక్కతే.

ఒక మధ్యాహ్నం, గాయపడ్డ జవానును మోసే అభ్యాసం పెట్టారు. స్ట్రెచర్ లేదు. వెదురు బొంగులు, తాడు ముందర పడేసి "ఎవరికైనా కట్టొస్తదా?" అని అడిగింది టీచర్. మొగిలమ్మ ముందుకొచ్చింది. వాడలో ఎవరు పోయినా పాడె కట్టేది మొండయ్యే. పక్కన కూర్చుని తాడు అందించీ అందించీ ఆ ముడులు ఆమె చేతులకు వచ్చేశాయి. పడుకున్న మనిషిని మోసేది ఇంకోలా కడతారని ఆమెకు ఎవరు చెప్పారు గనక! శవం వెంట ఆడవాళ్లు నడవని ఇంట్లో పుట్టిన సరస్వతి టీచర్, అది పాడె కట్టని తెలియక, "శభాష్" అని భుజం తట్టింది.

జవాను వేషం సావిత్రిది. తలకు కట్టు కట్టి, మెడదాకా తెల్ల దుప్పటి కప్పారు. "నీకు సోయి లేదు. ఎవరేమన్నా నోరు తెరవొద్దు," అని టీచర్ హెచ్చరించింది. నలుగురు పిల్లలు భుజాలకెత్తుకుని మైదానం మధ్యకు వచ్చేసరికి అలసిపోయారు. "దించి భుజాలు మార్చుకోండి," అంది టీచర్.

దించారు. మొగిలమ్మ ఆలోచించలేదు. వాడలో పాడె దారిలో దిగితే ఏం చేస్తారో అదే చేసింది. దింపుడు కల్లం దగ్గర చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఉంటే పలుకుతుందేమోనని. ఆమె వంగి "సావిత్రీ" అని మూడుసార్లు పిలిచింది. చెప్పినమాట వినే పిల్ల సావిత్రి, పలకలేదు. వాడల నుంచి వచ్చిన పిల్లల నవ్వులు ఆగిపోయాయి. వరండా ఊడుస్తున్న ఆయా సమ్మమ్మ చీపురు వదిలేసి "ఏం పని చేసినవే పోరీ!" అని కేక పెట్టింది.

మరునాటి నుంచి సావిత్రి తన పేరుకు పలకడం మానేసింది. "ఏయ్ పిల్లా" అంటే తిరిగి చూసేది. "సావిత్రీ" అంటే గోడకు చెప్పినట్టే. తిండి తగ్గింది, మనిషి ఎండిపోయింది. దవాఖానలో టానిక్ రాసిచ్చారు. ఒకరోజు మొగిలమ్మ పక్కన కూర్చుని, పిలిస్తే ఎందుకు పలకవని అడిగింది.

"నన్నెవ్వలు పిలుస్తలేరు మొగిలీ," అంది సావిత్రి నెమ్మదిగా. "ఎవలో పిల్లను పిలుస్తాన్లు. పాపం, అది పలుకుతలేదు."

ఆ రోజే మొగిలమ్మ తండ్రిని అడిగింది. "నాయినా, మూడుసార్లు పిలిచినా పలుకకపోతే?"

"ఇగ మనోళ్లు కాదనుకొని లేపుడే."

"ఇంకోసారి పిలువద్దా?"

మొండయ్య నములుతున్న ముద్ద ఆపాడు. "పిలువద్దు బిడ్డా. నాలుగోపారి పలికేది మనోళ్లు కాదు."

తెలిసి తెలిసీ ఎందుకు వెళ్లిందంటే, ఏం చెప్తాం? కళ్ల ముందు స్నేహితురాలు చచ్చిపోతుంటే శాస్త్రం ఎవరికి కావాలి? పొద్దుగూకే వేళ సైరన్ మోగింది, ఊరంతా దీపాలార్పేశారు. ఆ చీకట్లో మొగిలమ్మ సావిత్రి వాళ్ల ఇంట్లో అడుగుపెట్టింది. సావిత్రి తల్లి సుగుణమ్మ లోపలి కిటికీలు మూస్తోంది. సావిత్రి ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొగిలమ్మ ఆమె చెవి దగ్గర వంగి పిలిచింది.

"ఆఁ," అని పలుకు వచ్చింది. అది వాకిలి దగ్గర మొదలై, గదిలోకి నడిచొచ్చి, సావిత్రి నోట్లో ముగిసింది.

దీపాలు వెలిగేసరికి సావిత్రి అన్నం అడుగుతోంది. సుగుణమ్మ మొగిలమ్మను కావలించుకుని బావురుమంది. మొగిలమ్మ మాత్రం సావిత్రిని చూస్తూ ఉండిపోయింది. సావిత్రి ఆమె వంక చూసి "నీ పేరేంది?" అని అడిగింది.

ఆ పిల్లకు జబ్బేమీ మిగల్లేదు. దీపాలార్పిన సాయంత్రాలు కూడా చకచకా స్వెట్టరు అల్లేది, ఒక్క కుట్టూ తప్పేది కాదు. పిలుపు పూర్తి కాకముందే పలికేది. ఒక్కోసారి, ఎవరూ పిలవకముందే. డబ్బాలోది సగం మళ్లీ ఎన్నడూ పెట్టలేదు. మొగిలమ్మకు స్నేహితురాలి మీద బెంగ పట్టుకుంది, ఆమె ఎదురుగానే తిరుగుతున్నా.

మొగిలమ్మ నర్సే అయింది. పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది. వార్డులో రోగులను మంచం నంబరుతోనే పిలుస్తుందని అందరూ తిట్టుకునేవారు. బడి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆమె పెదవుల దాకా ఒక పేరు వచ్చేది. ఇంకొక్కసారి పిలిస్తే అసలు మనిషి వస్తుందేమో అన్న ఆశ చావలేదు.

ఎనభైల్లో ఒక చలికాలం సుగుణమ్మ అదే వార్డులో చేరింది. ఒంట్లో సత్తువ ఏమీ మిగల్లేదు. కూతురు సావిత్రి పక్కనే ఉండి, ఒళ్లు తుడిచి, గంజి తాగించి, మలమూత్రాలు ఎత్తిపోసింది. ఆమె గ్లాసు కడగడానికి బయటికి వెళ్లినప్పుడు సుగుణమ్మ మొగిలమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆనాడు నువ్వు పిలిచినవని నాకెరుకే. వచ్చింది ఎవలో సుత ఎరుకే. కన్నదాన్ని, నాకు తెల్వదా?"

మొగిలమ్మ మంచం పక్కన కూర్చుంది.

"నా బిడ్డ కోసం ఏడ్వని దినం లేదు. గని ఇది చీకట్ల నుంచొచ్చి 'అమ్మా' అని పిలిచింది. నేను పలికిన." సుగుణమ్మ పట్టు బిగించింది. "నా బిడ్డను ఇగ ఎన్నడు పిలువకు మొగిలీ. అదొస్తే ఇది పోతది."

వరండాలో అడుగుల చప్పుడైంది. మొగిలమ్మ తల ఊపింది. ఊపాక, ఆ పేరు గొంతులోనే దిగమింగి, మంచం అంచు పట్టుకుని ఏడ్చింది.