నవాబు ఎంచిన వజ్రం

తిరుపతిలో బంగారు అంగళ్ళ వీధి వెనక, ఒక మేడమెట్ల కింద ఉన్న గదిలో నవాబు ముప్పై తొమ్మిదేళ్ళుగా నగలకు రాళ్ళు పొదుగుతున్నాడు. ఆ గది ఎంత ఇరుకంటే, ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరు గడప బయటే నిలవాలి. అయినా అతడు దానిని విడవలేదు. కారణం ఉత్తరపు గోడకున్న కిటికీ. ఎండ నేరుగా పడని ఆ వెలుతురులో, ఉదయం తొమ్మిదికీ పదిన్నరకూ నడుమ తప్ప, అతడు ఏ వజ్రాన్నీ మంచిదని అనలేదు, చెడ్డదనీ అనలేదు. కొట్లలోని దీపాలు ప్రతి రాయినీ పెళ్ళికూతుర్ని చేస్తాయని, చిత్తూరులో అతనికి పని నేర్పిన తండ్రి హెచ్చరించేవాడు.

ఆ నియమాన్ని నవాబు తన అరవై మూడవ ఏట, జూన్ నెలలో ఒక సోమవారం సాయంత్రం తప్పాడు.

పూతలపట్టు నుంచి చంద్రకాంతమ్మ తన కొడుకు ధర్మేంద్రను వెంటబెట్టుకొని వచ్చింది. ఆమె చెవులకున్న ఏడురాళ్ళ కమ్మలు నవాబు తండ్రి పొదిగినవి. ముక్కున ఉన్న బేసరి నవాబు పొదిగినది. ధర్మేంద్ర బంగారుపాళ్యంలోని మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో యంత్రాల విభాగం చూస్తాడు. కాయలు వచ్చిపడే ఆ నెలలో అతనికి సెలవు దొరకడమే కష్టం. ఆ రోజు ఒక పూట దొరికింది. పదకొండు రోజుల్లో రేవతితో నిశ్చితార్థం. ఉంగరానికి ఒంటిరాయి వజ్రం కావాలి.

"మా కోడలి చేతికి పొయ్యే రాయి నవాబన్నా. నువ్వు సూసి బాగుండాదంటే సాలు," అంది చంద్రకాంతమ్మ.

"ఇప్పుడు అన్నిటికీ సర్టిఫికెట్ ఉంటాదిమ్మా," అన్నాడు ధర్మేంద్ర. "రంగు, కోత, మచ్చ, అన్నీ అచ్చేసి ఇస్తారు. మామ సూసేదానికి ఏముండాది?"

"కాగితం బాగా సదువుకునిందే నాయనా," అన్నాడు నవాబు. "మచ్చ ఎంత ఉండాదో సెప్తాది. ఇంత సిన్న రాళ్ళకు ఇచ్చే కాగితంలో అది యాడ ఉండాదో బొమ్మ ఎయ్యరు. నడిమధ్యలో ఉంటే అందం పోతాది, అంతే. అంచున ఉంటే, బంగారు కొక్కెం బిగించేటప్పుడు రాయే పగులుతాది."

"వజ్రాల్ని ల్యాబులో గూడా పండిస్తా ఉండారంట గదన్నా," అంది చంద్రకాంతమ్మ. "కాయల్ని గ్యాసు పెట్టి మాగేసినట్ల."

"నన్ను జూసి అంటావేమ్మా, మా ఫ్యాక్టరీలో గ్యాసు పెట్టరు," అన్నాడు కొడుకు.

నవాబు నవ్వాడు గాని, అతని మనసు నవ్వులో లేదు. రంజాను నెలనుంచి అతని కుడికంటికి పొర కమ్ముతోంది. దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. వస్తువుల అంచులవెంట లేని గీతలు సాగుతున్నాయి. డాక్టరు పరీక్షించి, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని చెప్పాడు. ఆ మాట నవాబు తన భార్య ఖాజాబీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రాళ్ళు పొదిగేవాడి కన్ను మసకబారిందన్న మాట ఒకసారి వీధిలోకి పోతే, చూపు తిరిగివచ్చినా పేరు తిరిగిరాదని అతని భయం.

విడిరాళ్ళు అమ్మే దయానంద్ అంగడికి ముగ్గురూ వెళ్ళేసరికి అయిదు దాటింది. ఆకాశం మబ్బుపట్టి ఉంది. రేపు ఉదయం చూద్దామని నవాబు అనవలసింది. అతని నోటిదాకా వచ్చింది కూడా. కాని ధర్మేంద్ర గడియారం చూసుకుంటున్నాడు. రేపు రమ్మంటే ఎందుకని అడుగుతారు. అడిగితే వెలుతురు అని చెప్పవచ్చు. చెబుతూ ఉండగా తన ముఖంలో ఇంకేదో కనబడుతుందేమోనని అతనికి తోచింది.

దయానంద్ కాగితపు పొట్లాలు విప్పి, అరక్యారెట్‌కు కొంచెం తక్కువ తూగే రాళ్ళు అయిదు వరసగా పెట్టాడు. అవి భూమిలో పుట్టినవేనని యంత్రం మీద పెట్టి చూపించాడు. నవాబు భూతద్దాన్ని అలవాటు చొప్పున కుడికంటికే ఆనించాడు; ఎడమకన్ను ఆ పనికి ఏనాడూ అలవడలేదు. మూడవ రాయి బాగుంది. రంగు తెలుపు, కోత సమంగా ఉంది. దానిని పట్టకారుతో తిప్పుతూ ఉండగా అంచు దగ్గర తెల్లని సన్నపు చీలిక ఒకటి తళుక్కుమని మాయమైంది. మళ్ళీ తిప్పాడు, కనిపించలేదు. కంటిపొర చేసే మాయ అనుకున్నాడు. మూడు నెలలుగా లేని గీతలు చూసి చూసి, వాటిని పట్టించుకోకుండా ఉండడం అతనికి అలవాటైపోయింది.

"కాకికాలు లేదు గదన్నా?" అని అడిగింది చంద్రకాంతమ్మ. రాయిలో కాకి అడుగులాంటి నల్లమచ్చ ఉంటే ఇంటికి కీడని ఆ ప్రాంతపు పెద్దల నమ్మకం.

"లేదమ్మా. ఇదే తీసుకో," అన్నాడు నవాబు.

వజ్రాన్ని కొనేముందు మూడు రోజులు ఇంట్లో ఉంచుకొని చూడడం ఆచారం. ఆ మూడు రోజుల్లో ఎవరికైనా జబ్బు చేసినా, ఇంట్లో తగవు వచ్చినా రాయిని తిరిగి ఇచ్చేస్తారు. దయానంద్ మారుమాట లేకుండా పుచ్చుకుంటాడు. గురువారం పొద్దుగూకేలోగా రాకపోతే రాయి వారిదే. చంద్రకాంతమ్మ పొట్లాన్ని కొంగున ముడివేసుకొని బస్సెక్కింది.

మంగళవారం ఉదయం నవాబు కిటికీ దగ్గర ఒక పాత ఎర్రరాయిని భూతద్దంతో చూస్తున్నాడు. అతని కంటి గీతలు యథాప్రకారం కనిపించాయి. అయితే అవి రాయి తిరిగినా తిరగలేదు. రాయి ఎటు తిరిగితే అటు తిరగడం వాటికి చేతకాదు. నిన్నటి చీలిక అలా కాదు. అది రాయితోపాటు తిరిగింది. తిరిగి, వెలుతురు తప్పగానే మాయమైంది. నవాబు చేతిలోని పట్టకారు బల్లమీద పెట్టేశాడు. ఆ రోజు ఇంకే పనీ ముట్టుకోలేదు.

బుధవారం చంద్రకాంతమ్మే ఫోన్ చేసింది. ఆమె గొంతులో సంబరం.

"రాయి అచ్చొచ్చిందన్నా. మా ఆడబిడ్డ జ్ఞానాంబ రెండేండ్లుగా మాట్లాడకుండా ఉండె. నిన్న తనంతట తానే వొచ్చి వడలు చేసి పెట్టింది. అట్లాంటి రాయి."

"శానా మంచిదమ్మా," అన్నాడు నవాబు. చీలిక సంగతి ఎత్తకుండానే ఫోన్ పెట్టేశాడు.

ఖాజాబీ గిన్నె తోముతూ అంతా విన్నది. భార్యాభర్తలు మాట్లాడుకునేది ఉర్దూలో. ఆమె ఎత్తిపొడుపుకు మాత్రం ఏ భాషలోనైనా పదును ఒకటే.

"రేపు వాళ్ళు రాయి తెస్తారు. నువ్వు కొక్కెం నొక్కుతావు. అది పగిలితే ఏం చెబుతావు? వడలు తిన్న దిష్టి అంటావా?"

"చీలిక ఉందో లేదో నాకే తెలియదు."

"తెలియదని చెప్పు. అది కూడా చెప్పలేవా?"

"నలభై ఏళ్ళుగా తెలుసనే చెప్పినాను కదా," అన్నాడు నవాబు.

గురువారం ఏడుగంటల బస్సుకు నవాబు పూతలపట్టు బయలుదేరాడు. చొక్కా జేబులో భూతద్దం ఉంది. దారిపొడవునా దానిని తడిమి చూసుకుంటూనే ఉన్నాడు. కంటి సంగతి చెప్పకుండానే పని జరిగే ఉపాయం ఏదైనా ఉందా అని వెదికాడు. రాయిని మళ్ళీ ఒకసారి చూస్తానని అడిగి, బాగుందనో లేదనో అనేయవచ్చు. కాని ఏది అనాలి? మంచి రాయిని చెడ్డదంటే, ఆ ఇంటికి కలిసివచ్చినదానిని తన చేతులతో తోసేసినట్టు. చెడ్డ రాయిని మంచిదంటే, ఒక ఆడపిల్ల నిశ్చితార్థపు ఉంగరం పగిలిన రాయితో మొదలైనట్టు.

చంద్రకాంతమ్మ ఇంటి వసారాలో జ్ఞానాంబ కూడా ఉంది. నవాబును చూడగానే ఇద్దరూ లేచారు.

"ఏందన్నా, సెప్పకుండా వొచ్చినావు? సాయంత్రం మేమే వస్తా ఉంటిమి కదా," అంది చంద్రకాంతమ్మ.

"రాయి ఒకసారి తేమ్మా. భూతద్దం నీకిస్తా. నువ్వే సూడు."

"నేనా? నాకేం తెలుసు?"

"తెలియకపోతేనే మేలు. కనపడింది కనపడినట్ల సెప్తావు."

వసారాకు ఉత్తరపు పక్కన, గోడనీడలో పీట వేసి ఆమెను కూర్చోబెట్టాడు. భూతద్దాన్ని కంటికి ఆనించడం, రెండవ కన్ను మూయకుండా ఉండడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పాడు. పట్టకారు తానే పట్టుకొని రాయిని తిప్పాడు. ఏమి వెదకాలో చెప్పలేదు. చెబితే ఆమెకు అదే కనబడుతుందని అతనికి తెలుసు. ఆమె చాలాసేపు చూసింది.

"మెరస్తా ఉండాది. నిండా మెరస్తా ఉండాది."

"అంచుపక్క సూడు."

రాయి పావుచుట్టు తిరిగింది.

"ఈడ ఒక తెల్లటిది ఉండాది. కోడి ఈక మాదిరి. రవ్వంత." ఆమె తల ఎత్తింది. "పోయింది. మళ్ళా తిప్పన్నా. ఆ, ఇదిగో."

"నేను సోమవారం సూసినాను దాన్ని," అన్నాడు నవాబు. "సూసి, నా కంటి దోషమనుకున్నాను. కుడికంటికి పొర వొచ్చిందమ్మా. రంజాను నుంచి. ఎవరికీ సెప్పలా. మీకు సెప్పకుండా రాయి ఎంచినాను. అది తప్పు. ఈ రాయి ఉంగరానికి పనికిరాదు, కొక్కెం కింద పగులుతాది."

జ్ఞానాంబ ముందు అందుకుంది.

"కలిసొచ్చిన రాయిని వాపసు ఇస్తారా ఎవరన్నా? వొచ్చిన లక్ష్మిని ఎనక్కి పంపినట్ల కాదా? ఈయన కన్ను బాగలేకపోతే రాయి ఏం చేసింది?"

చంద్రకాంతమ్మ పొట్లం మడత విప్పి, మడిచి, మళ్ళీ విప్పింది.

"నేను అడిగితే ఏమంటివి? కాకికాలు లేదంటివి. నీ మాట మీద ఆ రాయిని దేవుని ముందర పెట్టి దీపం ఎలిగించినానన్నా."

"అవునమ్మా."

"సెప్పి ఉంటే మరుసటి దినం వొచ్చి ఉందుము కదా. ధర్మేంద్ర రాకపోతే నేనన్నా వొచ్చి ఉందును."

"అవును."

ఆమె లోపలికి వెళ్ళింది. ఇక తిరుపతి పొమ్మంటుందేమో, తనతో ఆ ఇంటికి ఋణం తీరిందేమో అనుకుంటూ నవాబు నిలబడే ఉన్నాడు. ఆమె చెప్పులు తొడుక్కొని, సంచి తీసుకొని బయటికి వచ్చింది.

"పదా. పొద్దుగూకేలోగా ఈ రాయి ఇచ్చేద్దాం. రేపు పొద్దున తొమ్మిదికి ఇంకోటి సూద్దాం. మూడు దినాలు ఇంట్లో పెట్టుకునేదానికి టైముండాది."

"ఎవరు సూసేది?"

"నేను సూస్తాను. యాడ సూడాల్నో నువ్వు సెప్పు."

"ఇద్దరు గుడ్డోళ్ళు," అంది జ్ఞానాంబ. అంటూనే లోపలికి పోయి, బస్సులో తాగడానికి నీళ్ళసీసా తెచ్చి ఇచ్చింది.

శుక్రవారం ఉదయం దయానంద్ తన అంగడి ఉత్తరపు తలుపు తెరిపించాడు. అప్పటికే అక్కడ ఇద్దరు పనివాళ్ళు తమ రాళ్ళకోసం వేచి ఉన్నారు. భూతద్దం చంద్రకాంతమ్మ కంటి దగ్గర ఉండడం చూసి దయానంద్ కనుబొమలు ఎగరేశాడు.

"ఏం బాయ్, ఈరోజు నీ కంటికి సెలవా?"

"పొర వొచ్చింది అప్పా. ఆపరేషన్ చేయించుకోవల్ల," అన్నాడు నవాబు. పనివాళ్ళిద్దరూ తలలు తిప్పి చూశారు. సాయంత్రానికి ఈ మాట వీధి చివరికి చేరుతుంది. అది తెలిసే అన్నాడు. పట్టకారుతో నాలుగవ రాయిని ఎత్తాడు.

"అంచు సూడమ్మా."

"ఏం లేదు."

"ఈ పక్క?"

"ఏం లేదన్నా. నీళ్ళ మాదిరి ఉండాది."

తన కంటికి ఆ రాయి ఒక తెల్లని వెలుగుముద్దగా తప్ప కనబడడం లేదు. నలభై ఏళ్ళుగా ఇతరులు తన మాటను ఇలాగే నమ్మి ఉంటారు. నవాబు రాయిని మరొక పావుచుట్టు తిప్పాడు.

"మళ్ళా సూడు."

"నా కన్ను మింద నమ్మకం లేదా ఏంది?" అంది చంద్రకాంతమ్మ, భూతద్దం దించకుండానే.

"ఉండాదమ్మా," అన్నాడు నవాబు. "ఇంకొక్కసారి సూడు."