పది రోజుల పథ్యం

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు మీర్‌పేట్‌లోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. రిటైర్మెంటుకు ఐదేళ్లుండగా, మే నెల బదిలీల్లో, గ్రేడ్ టూ ల్యాబ్ టెక్నీషియన్‌గా అక్కడ చేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి నుంచి బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా ల్యాబు కిటికీ తెరవాలి. పరగడుపు పరీక్షకు వచ్చినవాళ్లు టీ చుక్క పడక అప్పటికే కయ్యానికి సిద్ధంగా ఉంటారు. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఇంకోసారి రక్తం తీసి, షుగరు ఎంతుందో రిజిస్టర్లో ఎక్కించి, చీటీ మెడికల్ ఆఫీసర్ మేడమ్‌కు పంపడం నా పని. సలహాలు ఇవ్వడం నా పని కాదు. ఆ సంగతి నాకెంత హాయిగా ఉండేదో!

మావాళ్లు షుగరుకు భయపడరు, షుగరు పరీక్షకు భయపడతారు. పరీక్ష తేదీ తెలియగానే కొత్తపేట రైతుబజారు నుంచి సంచెడు కాకరకాయలు దిగుతాయి. అన్నం గిన్నె వైపు కన్నెత్తి చూడరు. రిపోర్టు బాగుందనగానే ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదికీ బిర్యానీ. ఎవర్ని మోసం చేస్తున్నారయ్యా, మీ ఒంట్లో రక్తాన్నా అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగేవాణ్ని కాదు.

అంజయ్యది అల్మాస్‌గూడ. ఒక ప్రైవేటు బడి బస్సు నడిపేవాడు. వయసు యాభై దాటింది, షుగరు వచ్చి ఆరేళ్లయింది. జూన్‌లో బళ్లు తెరిచే ముందు డ్రైవర్లంతా ఆరోగ్యం బాగుందని డాక్టరు సంతకంతో కాగితం తేవాలి. ఆ కాగితం కోసం ఏటా ఒక్కసారి నా కిటికీ ముందుకొచ్చేవాడు. అంకె బ్రహ్మాండంగా ఉండేది. మళ్లీ ఏడాదిదాకా కనిపించేవాడు కాదు. రెండో ఏడు తనే గొప్పగా రహస్యం విప్పాడు: "పది రోజులు కడుపు కట్టుకుంటే సాలు సార్, దెబ్బకు దిగుతది." నేను నవ్వి అంకె రాసుకున్నాను.

మూడో ఏడు మాకు కొత్త సదుపాయం వచ్చింది. మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంతుందో చెప్పే పరీక్షకు శాంపిల్ తీసి పెద్ద ల్యాబుకు పంపవచ్చు. పది రోజుల నటన దాని ముందు సాగదు. డ్రైవర్లందరికీ మేడమ్ అదే రాసింది. సగటు ఎనిమిది శాతం దాటితే సంతకం పెట్టనంది. అంజయ్య పరగడుపు అంకె ఎప్పటిలాగే ముచ్చటగా ఉంది. సగటు మాత్రం తొమ్మిది పాయింట్ ఆరు.

"గా పెద్ద ల్యాబుల ఎవరి నెత్తురో నా పేరు మీద ఏసిండ్రు సార్!" అని కిటికీ చువ్వలు పట్టుకుని ఊపాడు. మళ్లీ తీసినా అంతే వచ్చింది. బడివాళ్లు అతన్ని బస్సు దింపి గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టి, దసరా సెలవుల్లోగా కాగితం తేకపోతే వేరే డ్రైవర్ని పెట్టుకుంటామన్నారు. పాతికేళ్లుగా అతనికి తెలిసిన పని స్టీరింగు ఒక్కటే.

ఇక చూడండి ఆయన పట్టుదల! ఫోన్ వీడియోలో ఒకాయన అన్నం విషమన్నాడు, మానేశాడు. ఇంకొకాయన పొద్దుటి టిఫిన్ దండగన్నాడు, అదీ మానేశాడు. మూడో ఆయన పది వేల అడుగులన్నాడు. ఈయన ఇరవై వేలు వేశాడు. మేడమ్ రాసిన షుగరు మాత్రలు మాత్రం పూట తప్పకుండా మింగాడు. తొమ్మిదో రోజు పొద్దున అల్మాస్‌గూడ నుంచి నడుచుకుంటూ వచ్చి, మళ్లీ పరీక్ష చేయమని అడుగుతూ అడుగుతూనే కుప్పకూలాడు. ఒళ్లంతా చెమట, మాట తడబాటు. వేలు గుచ్చి చూస్తే షుగరు నలభై ఆరుకు పడిపోయి ఉంది. నర్సు గ్లూకోజు ఎక్కించింది. అరగంటకు లేచి కూర్చుని, "ఎంతొచ్చింది సార్, తగ్గిందా?" అన్నాడు. తగ్గిందయ్యా, ఇంకాస్త తగ్గితే నీకు కాగితంతో పనే ఉండేది కాదన్నాను.

కబురందుకుని అతని భార్య యాదమ్మ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ హాస్టల్లో వంట చేస్తుంది. మేడమ్ మాత్రలు తగ్గించి, తిండి మానొద్దని గట్టిగా చెప్పింది. నేను మా ఆహార పట్టిక చేతిలో పెట్టాను. అందులో ఆలివ్ నూనె, బ్రోకలీ ఉంటాయి. రాసిన మహానుభావుడు మీర్‌పేట్‌లో ఎన్నడూ అన్నం తిని ఉండడు. యాదమ్మ దాన్ని మడిచి నాకే ఇచ్చేసింది.

"హాస్టల్ల పిల్లలకు ఒక్కసారే అన్నీ మారిస్తే కంచాలు ఇసిరికొడ్తరు సార్. పదిహేను దినాలకు ఒక్కటి మార్చుకుంట పోతే ఎవలూ గుర్తువట్టరు. ఈయన గంతే" అంది.

అలాగే చేసింది. మొదటి పదిహేను రోజులు టీలో ఒక చెంచా చక్కెర తగ్గించింది. తర్వాత కంచంలో ఒక గరిటె అన్నం తీసేసి ఒక గరిటె కూర పెంచింది. ఆపైన రాత్రి భోజనం ఎనిమిదికి జరిపింది. తిన్నాక ఇద్దరూ కాలనీ చివరిదాకా నడిచి వచ్చేవాళ్లు. ఫోన్లో గురువులు కనిపిస్తే ఫోను లాక్కునేదట.

సెప్టెంబరు చివర సగటు ఏడు పాయింట్ ఎనిమిది వచ్చింది. మేడమ్ సంతకం పెట్టింది, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలన్న షరతుతో. అంజయ్య కాగితం పట్టుకుని వెళ్లాక పాత రిజిస్టర్లు తెప్పించింది. రెండేళ్ల అంకెల మీద వేలు పెట్టి, ఇవి చూసినప్పుడు మీకేమీ అనుమానం రాలేదా అని అడిగింది. అనుమానమేమిటి మేడమ్, అతనే చెప్పాడన్నాను. ఆ బస్సులో నలభై మంది పిల్లలు ఎక్కుతారండీ అంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు రిజిస్టర్లో స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను: "ఈ పది రోజులూ మామూలుగా తిన్నారా?" రిటైరయ్యేదాకా ప్రతి మనిషినీ ఆ ప్రశ్న అడిగాను. అడిగినందుకు తిట్టినవాళ్లున్నారు. అప్పటికి ముప్ఫై రెండేళ్లుగా రక్తం తీస్తున్నాను. అడగడం కూడా నా పనేనని అప్పుడే తెలిసింది.