చిట్కాలకు కాంటా పెట్టిన హబీబుద్దీన్

పొద్దున ఎనిమిదిన్నరకు జగిత్యాల బస్టాండులో దిగేటప్పుడు హబీబుద్దీన్ కుడిచేతిలో టిఫిన్ డబ్బా, ఎడమచేతిలో మా పేపర్ కటింగ్ ఉండేవి. మేం అచ్చువేసిన ప్రతి చిట్కానూ ఇంట్లో చేసి చూడడం, ఆ ఫలితాన్ని పట్టుకుని కోరుట్ల నుంచి నా దగ్గరికి రావడం, ఇదొక్కటే ఆయనకున్న అలవాటు. ఆ ఒక్కటి చాలు, ఎదుటి మనిషి సెలవు పెట్టి పారిపోవడానికి.

చిట్కాలు రాసేది నేనే. వార్తలన్నీ పెట్టాక జిల్లా పేజీలో కింద ఎడమ మూలన అరచేతంత ఖాళీ మిగిలేది. పైన ఒక వంట చిట్కా, కింద ఒక కంప్యూటర్ చిట్కా వేసి దాన్ని నింపేవాణ్ని. వంటవి మా ఇంట్లో, పక్కింట్లో చెవిన పడ్డవి. కంప్యూటర్‌వి మా ఆపరేటర్ మహేశ్‌ను అడిగినవి. అతను టీ తాగుతూ చెప్పేవాడు, నేను టీ తాగుతూ రాసేవాణ్ని. అవి నిజమో కాదో చూసే తీరిక ఇద్దరికీ లేదు. ఆ తీరిక ఉన్న మనిషి కోరుట్లలో ఒకడున్నాడని మాకు తెలియదు.

హబీబుద్దీన్ ముప్పై ఏళ్లు కాంటాలు, తూకం రాళ్లు బాగుచేశాడు. కోరుట్ల, ఇబ్రహీంపట్నం దుకాణాల్లో ఆయన చేయి పడని కాంటా లేదు. కరెంటు కాంటాలు వచ్చి ఆ పని తగ్గింది. దుబాయి పోతూ కొడుకు ఆమిర్ తన పాత కంప్యూటర్ ఇంట్లో వదిలేశాడు. పనిలేని కాంటా, పాత కంప్యూటర్, భార్య అజీజాబీ వంటిల్లు, ఈ మూడూ ఒకే మనిషి చేతికి చిక్కాయి.

మొదటిసారి వచ్చినప్పుడు కటింగ్ బల్లమీద పరిచి వేలు పెట్టాడు.

"సాబ్, గీడ 'ఉప్పు తగినంత' అని రాసిండ్రు. తగినంత అంటే ఎన్ని గ్రాములు?"

"తగినంత అంటే ఎంత కావాల్నో అంత, హబీబ్ భాయ్."

"ఎంత కావాలె?"

"తగినంత."

ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. మెడ చాచి చూశాను. 'సాబ్‌కు తెల్వది' అని ఉంది.

ఉల్లిగడ్డ కోసేటప్పుడు నోట్లో నీళ్లు పట్టుకుంటే కళ్లు మండవని ఒకసారి రాశాను. రెండో రోజే దిగాడు.

"మీరు రాసినట్టే చేసిన సాబ్. కండ్లు మండలే."

"పోనియ్యుండ్రి, ఒక్కటన్న పనిజేసింది."

"గని గప్పుడే అజీజాబీ ఏదో అడిగింది. నోట్ల నీళ్లున్నయి, జవాబు ఇయ్యలే. రెండోసారి అడిగింది. ఇయ్యలే. మూడోసారి అడగలే సాబ్, రెండు రోజులైంది, ఇంకా మాట్లాడుతలేదు. ఇంట్ల భార్య లేనప్పుడు చెయ్యాలె అని ఒక్క లైను కలుపుండ్రి."

బియ్యంలో ఎండు మిరపకాయలు వేస్తే పురుగు పట్టదని రాస్తే నలభై రోజులు ఆగి వచ్చాడు. డబ్బా మూత తీసి ఒక మిరపకాయను చీల్చి చూపించాడు. పురుగులు లోపల కాపురం పెట్టాయి.

వీటన్నిటికీ తోడు సిరిసిల్ల ఒకటి. ఆయన బిడ్డ సానియాను అక్కడ ఇచ్చారు. చిట్కా కోరుట్లలో పనిచేసినా ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. "మా నీళ్లు వేరు, సిరిసిల్ల నీళ్లు వేరు" అని సానియాకు ఫోన్ చేసి అక్కడా చేయించేవాడు. శెనగలు తొందరగా ఉడకడం గురించి నేను రాసిన రెండు లైన్ల మీద తీర్పు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదోనాడు నా ముందు రెండు గిన్నెలు పెట్టాడు.

"గివి మాయి. గివి సిరిసిల్లయి. బస్సుల పంపింది. నమిలి చెప్పుండ్రి సాబ్."

నాకప్పుడు దవడ పన్ను నొప్పి. ఆ సంగతి చెప్పినా వినలేదు. "మెల్లగ నమలుండ్రి" అన్నాడు.

కంప్యూటర్ చిట్కాలైనా వదిలేస్తాడేమో అనుకున్నాను. పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేనిది పెట్టుకోవాలనీ, కాగితం మీద రాయకూడదనీ మహేశ్ చెబితే రాశాను. మూడో రోజు హబీబుద్దీన్ కంప్యూటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. కండక్టర్ దానికి అర టికెట్ కొట్టాడట.

"మీరు రాసినట్టే చేసిన సాబ్. ఎవ్వలు ఊహించలేనిదే పెట్టిన."

"మంచిదే గద?"

"నేను గూడ ఊహిస్తలేను."

"ఎక్కడన్న రాసుకున్నరా?"

"రాయొద్దని మీరే రాసిండ్రు."

మహేశ్ ఆ రోజు పేజీలు పక్కనపెట్టి రెండు గంటలు దానితో కుస్తీ పట్టాడు. హబీబుద్దీన్ పక్కన కూర్చుని ఎంతసేపు పట్టిందో నోటుబుక్కులో రాసుకున్నాడు.

కీబోర్డును తిరగేసి తడితే చెత్త రాలుతుందని రాసినప్పుడు చిన్న పొట్లం తెచ్చాడు. "పదకొండు గ్రాములు రాలింది సాబ్. మరమరాలు, నువ్వులు, ఒక సేమియా ముక్క. కంప్యూటర్ ముంగట కూసుండి ఎవ్వలో తింటున్నరు. ఇంట్ల ఇద్దరమే ఉంటం. అజీజాబీ నేను గాదంటది."

"అయితే మీరే."

"నేను మరమరాలు తినను సాబ్" అని ఆయన సేమియా సంగతి దాటేశాడు.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో తెలియదు. ఆర్టీసీ బస్సులు ఆగిన రోజు ఊరంతా తల పట్టుకుంది. నేను మాత్రం లోపల కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఇక కోరుట్ల నుంచి ఎవరూ రాలేరు.

మూడో రోజు పాత మోపెడ్ మీద వచ్చాడు. ముందు జెండా, హ్యాండిల్‌కు డబ్బా.

"రస్తారోకో కాడ ఆపలేదా?"

"నాలుగు కాడ ఆపిండ్రు. డబ్బల ఏందని అడిగిండ్రు. పప్పుచారు, పేపర్ సార్ రుచి చూడాలె అన్న. ముందుగాల వాళ్లు చూసిండ్రు." మూత తీశాడు. అడుగున నాలుగు ఆలుగడ్డ ముక్కలు మిగిలాయి. "మీకు గింతే అచ్చింది సాబ్."

అంతకు ముందు వారం నేను రాసిన చిట్కా అది. కూరలో, చారులో ఉప్పు ఎక్కువైతే ఆలుగడ్డ ముక్కలు వేయండి, ఉప్పునంతా పీల్చేసుకుంటాయి అని. హబీబుద్దీన్ ముక్కల్ని వేయకముందు తూచాడు, తీశాక తూచాడు, పప్పుచారును మూడిళ్లలో రుచి చూపించాడు.

"పనిజెయ్యది సాబ్. ఆలుగడ్డ ఉప్పగైతది, చారు గూడ ఉప్పగనే ఉంటది. సవరణ వెయ్యుండ్రి. నాలుగు లైన్లు."

"చిట్కాకు సవరణ ఎవ్వరన్న వేస్తరా హబీబ్ భాయ్? పేజీ నిండ సమ్మె వార్తలే."

"ఆదివారం మా బస్టాండు కాడ వంటావార్పు ఉంది. ఎల్లవ్వ వండుతున్నది."

ఎల్లవ్వను నేనెరుగుదును. కూలి పనులకు పోయేది, సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టేది. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండి, ఊరంతా ఒకే వరసలో కూర్చుని తినే నిరసన వంటావార్పు. ఆరు వందల మందికి వంట. పెళ్లిళ్లకు వండేవాళ్లను పిలుద్దామని కొందరన్నారు. ఆమె కులం ఎత్తి, ఆమె వండితే ఎవరు తింటారని ఇంకొందరు చాటుగా అన్నారు. సమ్మె నడిపే జేఏసీ వాళ్లు పట్టుబట్టి ఆమెకే అప్పగించారు.

"మీ కటింగ్ కొంగుకు ముడేసుకున్నది సాబ్. ఉప్పెక్కువైనా ఆలుగడ్డ ఉంది గద అంటున్నది. పది కిలోలు తెచ్చి పెట్టుకున్నది. పనిజెయ్యదని నేను చెప్తే పేపర్ల అచ్చయింది గద అంటది. రేపు ఏమన్న తేడా అస్తే పేపర్‌ను ఎవ్వలు అనరు. ఎల్లవ్వనే అంటరు."

"నాలుగు లైన్ల జాగ లేదు భాయ్."

గురువారం మళ్లీ వచ్చాడు. శనివారం మళ్లీ వచ్చాడు. శనివారం డబ్బా కూడా లేదు. కుర్చీలో కూర్చుని, "రేపటి పేపర్ల అస్తదా?" అని అడిగాడు. చూస్తానన్నాను. విలేకరి చూస్తానంటే ఏమిటో ఆయనకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మోపెడ్ ఎక్కాడు.

ఆదివారం ఫొటోల కోసం నేనే కోరుట్ల వెళ్లాను. రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు. ఎల్లవ్వ భర్త ఓదెలు కట్టెలు ఎగదోస్తున్నాడు. పదకొండింటికి పెద్ద గుండిలో పప్పుచారు తయారైంది. ఎల్లవ్వ నా అరచేతిలో కాస్త పోసి మొహం చూసింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఆమె అన్నం వార్చడానికి అవతలి పొయ్యి దగ్గరికి పోయింది.

అప్పుడు నాయకులు వచ్చారు. వంటావార్పు ఫొటోలో నాయకుడి చేయి గిన్నె మీద ఉండాలి. ఉన్న ఒక్క గరిటె ఎల్లవ్వ దగ్గర ఉంది. "ఉప్పు వేస్తున్నట్టు నిలబడుండ్రి" అన్నాను. ఆ మాట అన్నది నేనే, దాచి లాభం లేదు. వేస్తున్నట్టు ఎవరూ నిలబడలేదు, అందరూ వేశారు. వకీళ్ల నాయకుడు వేస్తే టీచర్ల నాయకుడు ఊరుకోడు, ఆయన వేస్తే వ్యాపారుల నాయకుడు ఊరుకోడు. ఒకాయన కళ్లు మూసుకున్నాడని మళ్లీ వేయించాను.

ఎల్లవ్వ తిరిగొచ్చి నాలుక మీద ఒక చుక్క వేసుకుంది.

"ఎవ్వలేసిండ్రు గింత ఉప్పు?"

అందరూ జెండాల వైపు చూశారు. మోదుగాకు విస్తర్ల ముందు జనం అప్పటికే కూర్చున్నారు. ఆమె వండితే ఎవరు తింటారన్నవాళ్లు మొదటి వరసలోనే ఉన్నారు, చూద్దామని. ఎల్లవ్వ కొంగు ముడి విప్పి కటింగ్ ఓదెలు చేతికిచ్చింది. పది కిలోల ఆలుగడ్డలు ముక్కలై గుండిలో పడ్డాయి. పావుగంట ఉడికాయి. మళ్లీ రుచి చూసింది.

"సారూ, పీల్చుకుంటదని రాసిండ్రు గద?"

నేను కెమెరా లెన్సు తుడుచుకున్నాను.

అప్పుడొచ్చింది ట్రాలీ ఆటో. వెనక రెండు పెద్ద గిన్నెలు, వాటి మధ్య హబీబుద్దీన్. దిగీ దిగగానే నాయకుల చేతులకంటిన ఉప్పు చూసి అడిగాడు.

"ఎన్ని గుప్పిళ్లు పడ్డయి?"

"నేను చిటికెడే" అన్నాడు వకీళ్ల నాయకుడు. మిగతావాళ్లూ చిటికెడేనన్నారు.

"కెమెరా ఇటియ్యుండ్రి సాబ్."

ఒక్కొక్క ఫొటో నొక్కుతూ లెక్కపెట్టాడు. పదకొండు గుప్పిళ్లు. కళ్లు మూసుకున్నాయనవి రెండు. తర్వాత సంచిలోంచి చిన్న కాంటా తీసి, తన గుప్పెడు ఉప్పు తూచాడు. అరవై గ్రాములు.

"ఆరు వందల అరవై. ఎల్లవ్వా, నువ్వేసింది?"

"కిలో పావు చాచా."

నోటుబుక్కులో నాలుగు అంకెలు వేసి, గిన్నెల్లో ఉన్నది ఎంత కలపాలో చూపించాడు. ఉప్పు లేని పప్పుచారు అది. ఆయన గల్లీలోని ఇంటింటా గ్లాసెడు పప్పు అడిగి, అజీజాబీ తెల్లవారుజామునే పొయ్యి మీదికి ఎక్కించిందట. గుండిలోది కొంత తోడి, ఇది పోసి, ఒక పొంగు రానిచ్చారు. ఎల్లవ్వ రుచి చూసింది. గరిటె ఓదెలుకు ఇచ్చి, "ఇగ విస్తర్లల్ల పొయ్యి" అంది.

తర్వాత అడిగింది. "గిట్లైతదని నీకెట్ల తెల్సు చాచా?"

"నాకేం తెల్సు. పేపర్ సార్ రాత్రే ఫోన్ చేసిండు. ఆలుగడ్డ పనిజెయ్యది, ఉప్పులేని చారు కాసి పెట్టుకోమన్నడు."

ఒక్క గ్రాము తేడాకు పాతిక కిలోమీటర్లు వచ్చే మనిషి ఇంత బరువైన అబద్ధాన్ని రెప్పవేయకుండా చెప్పాడు. ఎల్లవ్వ నన్ను తీసుకుపోయి మొదటి వరసలో కూర్చోబెట్టింది. నా పక్కాయన మూడుసార్లు పప్పుచారు అడిగాడు. మూడోసారి ఎల్లవ్వే వచ్చి పోసింది. ఆయన తలెత్తలేదు గానీ విస్తరి ఖాళీ చేశాడు.

చేయి కడుక్కోవడానికి రాజక్క పిండి గిర్ని దగ్గరికి పోయాను. పిండి పట్టించుకునే ఆడవాళ్లు కూర్చునే చోట గోడ నిండా మా పేపర్ కటింగులే. ఒక్కొక్కదాని కింద పెన్నుతో 'చెయ్యొచ్చు' అనో, 'చెయ్యొద్దు, పేపర్ సార్ సవరణ' అనో ఉంది. ఆ చేతిరాత నాది కాదు, హబీబుద్దీన్ నోటుబుక్కులో చూసినది.

"మీరు మంచోళ్లు సారూ" అంది రాజక్క. "తప్పు పడితె దాచుకోరు, కబురు పంపుతరు. రెండేండ్ల కింద ఉప్పు తగ్గించినా మామిడికాయ తొక్కు ఖరాబు కాదని అచ్చయింది గద? దుర్గవ్వది యాడాది తొక్కు బూజుపట్టింది. అందరు మీ ఆఫీసు మీదికి లొల్లికి బయలెల్లిండ్రు. హబీబ్ చాచానే ఆపిండు. గది అచ్చుతప్పయి ఉంటది, నేనే వోయి సార్‌ను అడిగస్త అన్నడు. అప్పటిసంది ఆయనే వోతున్నడు."

హబీబుద్దీన్ బయట గిన్నెలు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు.

"నేనెప్పుడు ఫోన్ చేసిన హబీబ్ భాయ్?"

"చెయ్యలే సాబ్."

"మరి గట్లెందుకు చెప్పిండ్రు?"

"రేపు గూడ వాళ్లు పేపర్ చదవాలె గద" అని గిన్నెకు తాడు బిగించాడు. "మీరు మనిషి మంచోళ్లే. జర తూచి రాస్తలేరు, అంతే."

సోమవారం సవరణ వేశాను. నాలుగు లైన్లు. జాగా కోసం ఒక నాయకుడి ఫొటో తీసేయాల్సి వచ్చింది. కళ్లు మూసుకున్నాయనదే. మధ్యాహ్నం దాకా ఫోన్లు చేశాడు.

మరుసటి వారం జగిత్యాలలో వంటావార్పు పెట్టి ఎల్లవ్వను పిలిచారు. పన్నెండు వందల మందికి వంట. గుండి పక్కన హబీబుద్దీన్ నిలబడ్డాడు. ఫొటో కోసం వచ్చిన నాయకులు పద్నాలుగు మంది. ఒక్కరికీ ఉప్పు దొరకలేదు.