ఎర్రకాడ విత్తనాలు

2008లో కంపెనీ పని మీద ఒమన్‌లోని బహ్లాలో మూడు నెలలున్నాను. రూమ్ వెనక ఖాళీ పెయింట్ బకెట్లో పుంటికూర, అదే గోంగూర, వేద్దామని బుద్ధి పుట్టింది. నాకా మొక్కల సంగతే తెలియదు. మా సైట్ పక్కింట్లో పనిచేసే కడప రమణమ్మక్కను విత్తనాలు అడిగాను.

ఆమె రెండు పొట్లాలు విప్పింది. "ఇది ఎర్రకాడది, పులుపు జాస్తి. ఇది తెల్లకాడది, తొందరగా వస్తాది. నువ్వు కొత్తోడివి గదబ్బీ, తెల్లదే వేసుకో."

తెల్లవి తీసుకున్నాను. పెరట్లో ఏపుగా ఉన్న తన మొక్కలు చూపించి ఆమె నవ్వింది. మొదటిసారి అవి మోకాలెత్తు పెరిగినప్పుడు, వేళ్లలా చీలిన ఆకులు చూసి ఇంటి పెద్దాయన గంజాయి అనుకున్నాడట. పోలీసులకు ఫోన్ చేయబోయాడట. అరబ్బీ, హిందీ రెండూ రాక ఈమె ఒక ఆకు తుంచి తను నమిలి, ఇంకొకటి ఆయన చేతిలో పెట్టిందట.

"పులుపుకి కండ్లు మూసుకున్నాడబ్బీ. ఇప్పుడు చేపల కూరలోకి ఆయనే కోసుకొచ్చి ఇస్తాడు."

అంతలో ఆ పెద్దాయనే ఖర్జూరాలు, కాఫీ పట్టుకుని బయటికొచ్చాడు. నన్ను కూర్చోబెట్టి, రెండు గుక్కలు తాగనిచ్చి, ఏ రకం తీసుకున్నావని హిందీలో అడిగాడు. చెప్పాను. తల అడ్డంగా ఊపి, నా పొట్లం ఆమెకిచ్చేసి, ఎర్రకాడది నా చేతిలో పెట్టాడు.

"రేపు నీ రూమ్‌కి పోలీసు వస్తే ఆకు తినిపించాలి కదా. పులుపు తక్కువైతే నమ్మడు."