తప్పుగా ఊదిన కొమ్ము

నా గొంతు సన్నం. తెలుగు పంతులుకు ఉండకూడని జబ్బు అది. మూడో బెంచీ దాటేసరికి నేను చదివే పద్యం ఊపిరి వదిలేస్తుంది. పురానాపూల్ దగ్గరి బడిలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నా, నేను పిలవగానే తల తిప్పిన పిల్లవాణ్ణి ఇంతవరకు చూడలేదు. రెండోసారి పిలిస్తే వాడి పక్కవాడు తిప్పుతాడు.

అలాంటి నన్ను స్కౌట్ మాస్టరును చేశారు. కారణం నా యోగ్యత కాదు. శిక్షణ శిబిరానికి పోవడానికి ఆ వేసవిలో ఖాళీగా దొరికింది నేనొక్కణ్ణే. అయితే పోయి వచ్చాక ఆ పని మీద నాకు నిజంగానే ప్రేమ పుట్టింది. తాళ్లతో ముడులు వేయడం, గుర్తులు చూసి దారి పట్టడం, ముప్పై మంది పిల్లలు లాడం ఆకారంలో నిలబడి జెండాకు వందనం చేయడం. ఇవేవీ గొంతుతో పని ఉన్నవి కావు. చిక్కల్లా వాళ్లను ఒక్కచోటికి పిలవడం దగ్గరే వచ్చింది. మా డ్రిల్లు మాస్టరు ఈల వేస్తే గోడలు కూడా సర్దుకొని నిలబడతాయి. నా ఈల వింటే ఎవరింట్లోనో కుక్కరు కూసిందనుకుంటారు.

ఒకరోజు హెడ్మాస్టరు పిలిచారు. "వచ్చే శనివారం జిల్లా నుంచి తనిఖీకొస్తున్నరు. మీరు పిలిస్తే నిమిషంల పిల్లలు లైనుల ఉండాలె. లేకుంటే స్కౌట్ ట్రూపు డ్రిల్లు సారుకిచ్చేద్దాం. ఏమనుకోకుండ్రి."

ఏమనుకోకుండా ఎలా ఉంటాను? రెండు రోజులు అన్నం సయించలేదు. ఇరవై రెండేళ్లలో నాకంటూ ఇష్టంగా దొరికిన పని అదొక్కటే.

అప్పుడు శిబిరంలో చూసిన కొమ్ము గుర్తొచ్చింది. మొట్టమొదటి స్కౌట్ శిబిరంలో పిల్లలను ఆఫ్రికా జింక కొమ్ము ఊది పిలిచేవారట. మా శిక్షకుడు అలాంటి కొమ్మే ఊదితే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆఫ్రికా జింకను నేనెక్కడి నుంచి తేను? కానీ మా బడి గోడకు ఆనుకొని బర్రెల కొట్టం ఉంది. మా స్టాఫ్ రూము చాయకు పాలు అక్కడి నుంచే వస్తాయి. కొట్టం నడిపే ఆమెకు అరవై దాటాయి. ఒకప్పుడు సదరు పండుగలో పూలదండలతో ఊరేగిన తమ దున్నపోతు చచ్చిపోతే, దాని కొమ్ములు గుమ్మం మీద పెట్టుకుంది. అడిగితే కాదనకుండా ఒకటి తీసిచ్చింది.

"తీస్కపో సారూ. బతికున్నప్పుడు మస్తు ఒర్రేది, గల్లీ అంత ఇనొచ్చేది. నీ దగ్గర గూడ ఒర్రనియ్యి."

దాన్ని పట్టుకొని, కొమ్ము దువ్వెనలు చేసే ముసలాయన దగ్గరికి పోయాను. ఇప్పుడు ఆయన దుకాణంలో వేలాడేవన్నీ ప్లాస్టిక్ దువ్వెనలే. అయినా పాత పనిముట్లు తీసి, కొమ్ము కొన కోసి, కాల్చిన చువ్వతో బెజ్జం పెట్టి, ఒకసారి ఊది చూపించాడు. వీధి చివరి ఆటోవాలా వెనక్కి తిరిగాడు.

"బుగ్గలు ఉబ్బియ్యకు మాస్టర్ సాబ్," అన్నాడాయన. "పెదాలు దగ్గరపెట్టి వణికియ్యాలె. దీనికి జోర్ కాదు, తర్కీబ్, ఉపాయం కావాలె."

నేను తల ఊపాను. ఎం.ఏ. చదివినవాడికి ఊదడం కూడా నేర్పాలా అని లోపల అనుకున్నాను. ఇంటికి పోయి, డాబా ఎక్కి, బుగ్గలు పూరీల్లా ఉబ్బించి ఊదాను. కాసేపటికి మా ఆవిడ పైకి వచ్చింది.

"మూడిండ్లోళ్లు బయటికొచ్చి, ఎవలు పోయిండ్రని అడుగుతుండ్రు. ఏం చెప్పాలె?"

మూడిళ్లవాళ్లు బయటికి వచ్చారు కదా, ఇక పిల్లలు రారా అని సంతోషపడ్డాను. నా తెలివి అలాంటిది.

శనివారం వచ్చింది. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి కుర్చీలో కూర్చొని గడియారం చూసుకున్నాడు. పిల్లలు మైదానమంతా చెదిరి ఉన్నారు. నేను రొమ్ము విరిచి ఊదాను. సన్నగా, ముక్కుతో ఏడ్చినట్టు ఒక వణుకుడు గొంతు బయటికొచ్చింది. అచ్చం నాదే. ఒక్క పిల్లవాడూ కదల్లేదు. గోడ అవతల మాత్రం ఒక బర్రె గట్టిగా అరిచింది. దాన్ని విని మిగతావన్నీ అందుకున్నాయి. అప్పుడు పిల్లలు కదిలారు, నా వైపు కాదు, గోడ వైపు. పైకెక్కి కొట్టంలోకి చూస్తూ పడీపడీ నవ్వారు. పెద్దమనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డ్రిల్లు మాస్టరు పాపం కాసేపు ఓపిక పట్టి, ఈల నోట్లో పెట్టుకున్నాడు. నేను కొమ్ము దించేలోపు పిల్లల లాడం తయారైంది. సాయంత్రానికి ట్రూపు ఆయనదైంది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కొట్టం ఆమె మా ఇంటికే వచ్చింది. బర్రెలను బెదరగొట్టినందుకు తిట్టడానికి వచ్చిందనుకొని ముందే చేతులు జోడించాను.

"తప్పయింది అక్కా. ఇంకెప్పుడు ఊదను."

"అయ్యో, ఊదుమనే వచ్చిన సారూ," అందామె. "మా ఒక బర్రె దుడ్డె చచ్చిపోయి అయిదు దినాలాయె. అప్పటి సంది బర్రె చేపుతలేదు. దుడ్డె తోలుల గడ్డి కుక్కి ముందర పెట్టినం, బెల్లం పెట్టినం, ఏం జేసినా పాలు దిగలే. పొదుగు రాయోలె అయింది. నిన్న నువ్వూదంగనే దుడ్డె ఒర్రినట్టు ఇనొచ్చి ధారలు కారినయి. పొద్దుగాల్ల జర వచ్చి ఊదరాదు?"

పద్యాలు చెప్పుకొనేవాణ్ణి బర్రె ముందు దూడలా ఏడవమంటోంది. మొహం మాడ్చుకొని ఒప్పుకున్నాను. అయినా మిగిలిన కాస్త పరువు నిలుపుకోవాలని, ఆ మధ్యాహ్నమే దువ్వెనల ముసలాయన దగ్గరికి పోయి, ఈసారి బుద్ధిగా పెదాలు వణికించడం నేర్చుకున్నాను. సోమవారం తెల్లవారి కొట్టంలో నిలబడి ఊదితే, శిబిరంలో విన్నంత గంభీరంగా మోగింది. బర్రె చెవి కూడా కదపలేదు.

"అది కాదు సారూ," అందామె విసుగ్గా. "మొన్న ఖరాబుగ ఊదినవు సూడు, గట్ల ఊదు."

బుగ్గలు ఉబ్బించి, తప్పుగా ఊదాను. బర్రె చప్పున తల తిప్పింది. నన్ను చూసి, నా వెనక్కి చూసి, నా కాళ్ల సందుల్లో వెతికింది. బకెట్‌లో పాల చప్పుడు మొదలైంది. ఇన్నేళ్లకు నా పిలుపుకు ఒక ప్రాణి తల తిప్పింది. అదీ నన్ను తన బిడ్డ అనుకొని. నాకు సిగ్గేసింది.

"మోసం జేస్తున్నం గద అక్కా," అన్నాను.

ఆమె చేతులు ఆపలేదు. "ఏమో సారూ. ముందుగాల దాని నొప్పి తగ్గనియ్యి."

వారం రోజులు పోయాను. రోజూ అది నా వెనక వెతికేది, రోజూ నేను చూపు తిప్పుకొనేవాణ్ణి. ఎనిమిదో రోజు నేను కొట్టంలో అడుగుపెట్టగానే నా వైపు తల తిప్పింది. వెనక ఏమీ వెతకలేదు. నన్నే చూస్తూ నిలబడింది. కొమ్ము ఇంకా నా సంచిలోనే ఉంది. బర్రె పొదుగు మీద ఆమె చెయ్యి వేసిందో లేదో, బకెట్ మోగింది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడకుండా, సంచిలోంచి కొమ్ము తీసి, తుడుస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.