గంప కింద అడుగు

ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని నెల్లూరు నుంచి ఇంటికి వచ్చిన ఆ ఎండాకాలం, ఊళ్ళో ఒక్కరి మొహాన్నీ నేను వదల్లేదు. మాది గూడూరు దగ్గరి కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఇసక ఊరు. ఉద్యోగం ఆర్డరు రాలేదు, పొలం పని చేతకాదు, నాకసలే ఒకచోట కాలు నిలవదు. చేతిలో మనస్తత్వశాస్త్రం పుస్తకం ఒకటి. అందులో నేరస్థుల మీద ఒక అధ్యాయం ఉంది. కొందరు పుట్టుకతోనే దొంగలట, దవడా చెవులూ కనుబొమలూ చూసి వాళ్ళను పోల్చుకోవచ్చట. అదంతా పాతబడిన వాదమనీ, పెంపకం, సావాసం చూడాలనీ తర్వాతి అధ్యాయంలో రాశారు. ఆ అధ్యాయం నేను చదవలేదు. మొదటిదే బ్రహ్మాండంగా ఉంది.

దారప్పోగుతో ఇంట్లోవాళ్ళ చెవులు కొలిచాను. అమ్మ నా చెయ్యి విదిలించి కొట్టింది. "ముందు నీ మొహం అద్దంలో చూసుకోరా. అచ్చం మీ తాత మొహం. ఆయన ఎన్ని తోటల్లో మామిడికాయలు కోసుకొచ్చినాడో నాకు తెలుసు" అంది. అన్న పగలబడి నవ్వాడు. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. పని లేదు, పొద్దస్తమానం గూడూరులో పేకాట. అన్న చెవులు లక్షణంగా ఉన్నాయని రాసుకున్నాను.

చివరికి ఊరి కావలివాడు దొరికాడు. యానాదుల పెద్దాయన. తోటలకూ కళ్ళాలకూ పంచాయతీ ఆఫీసుకూ ఆయనే కాపలా. వాళ్ళను పుట్టు దొంగలని రాసిపెట్టిన తెల్లదొరల చట్టం రద్దయి ఏళ్ళయింది గానీ, మా బుర్రల్లోంచి రద్దు కాలేదు. వాళ్ళది దొంగజాతి అనేవాళ్ళు, సొత్తంతా ఆయనకే అప్పగించి నిద్రపోయేవాళ్ళు! నేను దారం తీస్తే ఆయన బుద్ధిగా కూర్చుని, "ఏం సామీ, చొక్కా కుట్టిస్తావా?" అని నవ్వాడు. దవడ పెద్దది, కనుబొమలు కలిసి ఉన్నాయి. నోటుబుక్కులో ఆయన పేరు పక్కన 'పుట్టుకతో నేరప్రవృత్తి' అని రాశాను. ఆ ఉత్సాహంలో ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

వారం తిరక్కుండా పంచాయతీ రేడియో పోయింది. ఊరంతా సాయంత్రం వార్తలు వినే పెద్ద రేడియో అది. కావలి ఉన్నచోట సొత్తు పోతే కావలివాడే జాడ తీసి దొంగను చూపించాలి, లేకపోతే దొంగ తనే అయినట్టు. అదీ మా వైపు కట్టుబాటు. ఇసకలో దొంగ అడుగులన్నీ గాలికి చెరిగిపోగా, ఆఫీసు వెనక గోడ చాటున ఒక్కటి మిగిలింది. ఆయన దాని మీద తన ఇంటి గంప బోర్లించి, పక్కనే కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఎస్సై వచ్చాడు. మా నాన్న ఊరి మునసబు గనుక కుర్చీ వేయించాడు. నేను ఆగలేకపోయాను. ఎవరూ అడక్కుండానే నోటుబుక్కు తీసుకెళ్ళి ఇచ్చాను.

"రేడియో పోకముందే రాసి పెట్టినాను సార్" అన్నాను. ఎంత గొప్ప!

ఎస్సై చదివి నాన్నతో, "ఇట్టా చదువుకున్నోళ్ళుంటే మా పని సగం తగ్గిపోతాదండీ" అన్నాడు.

కావలాయన గంప ఎత్తి, గొంతుక్కూర్చుని చూశాడు. "బరువు మోసిన అడుగు సామీ, మడమ లోతుగా దిగింది. వచ్చింది ఉత్త కాళ్ళతోనే. కానీ ఇది ఉత్త కాళ్ళతో తిరిగే మనిషిది కాదు."

"అదెట్టా తెలుసు నీకు?" అని ఎస్సై అడిగాడు.

"మా ఏళ్ళు చూడండి, ఎడంగా చెదిరిపోయి ఉంటాయి. ఇవి దగ్గిర దగ్గిరగా అతుక్కోనుండాయి. దినామూ చెప్పులు తొడిగే కాలు. మాబోటోళ్ళ కాలనుకుంటారులే అని విప్పేసి వచ్చినాడు."

అప్పట్లో మా ఊళ్ళో చెప్పులు తొడిగే ఇళ్ళు మూడే. జనం ఒకరి కాళ్ళ వంక ఒకరు చూసుకున్నారు. ఆయన ఇంకా కిందికి వంగాడు. "చిటికినేలు నేల తాకలా. పైకి లేచి..." అని ఆగిపోయాడు. తలెత్తి నా వైపు చూశాడు.

చిన్నప్పుడు ఎద్దులబండి చక్రం ఎక్కి అన్న చిటికెనవేలు నలిగింది. అప్పటినుంచీ అది పైకే. నాన్న పొడుం డబ్బీ తీసి అందులోకి చూస్తూ ఉండిపోయాడు. జనం వెనక నిలబడ్డ అన్న పంచె అంచు కిందికి లాక్కున్నాడు.

"ఈడి కథలకేం గానీ, మీ పుస్తకం ఏమంటాది మాస్టరూ?" అన్నాడు ఎస్సై.

నేను ఒక్క మాట అంటే చాలు.

"పుస్తకంలో ఉన్నదే రాసినాను సార్" అన్నాను. ఛీ! ఆ గొంతు నాదే.

ఎస్సై వెంట వచ్చిన పోలీసులు కావలాయన చేతులు కట్టేశారు. అంతకుముందే ఆయన ఆ అడుగు మీద గంప జాగ్రత్తగా బోర్లించి, నాతో మెల్లిగా, "చూసుకో సామీ, గాలి తోలతా ఉండాది" అన్నాడు.

నాలుగు రోజులు పిచ్చివాడిలా తిరిగాను. తింటుంటే లేచేవాణ్ణి, పడుకుంటే లేచేవాణ్ణి. ఆఫీసు వెనక్కి పోయి గంప ఉందని చూసుకుని వచ్చేవాణ్ణి. పశువుల కొట్టంలో అన్నను పట్టుకుని, "నువ్వేనా అన్నా?" అని అడిగాను.

"చెప్పుకో పో. నాన్న మునసబు పని పోతాది. దొంగ తమ్ముడికి బళ్ళో ఉద్యోగం ఎవురిస్తారో అదీ చూద్దాం" అన్నాడు.

అన్న మీద కంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ మధ్యాహ్నమే, ఎండకు ఊరంతా తలుపులు మూసుకున్న వేళ, గంప ఎత్తి ఆ అడుగును అరచేత్తో చదును చేసి, మళ్ళీ బోర్లించాను.

మర్నాడు కావలాయన భార్య వచ్చి మా వాకిట్లో నిలబడింది. "జైల్లో మా ఆయన్ని చూసొచ్చినా సామీ. అంతా మునసబు గారి చిన్నబ్బాయికి తెలుసు, ఎస్సై గారిని పిలిచి ఆ అడుగు మళ్ళా చూపిస్తాడు అన్నాడు. నిన్నే నమ్ముకోనుండాడు."

"గాలికి చెరిగిపోయింది" అన్నాను.

"గంప కింద గాలెట్టా పోతాది సామీ?" అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది.

నా జవాబు కోసం ఆగకుండా ఆఫీసు వెనక్కి నడిచింది. ఎందుకో నేనూ వెంట వెళ్ళాను. గంప ఎత్తింది. ఇసకలో నా అరచెయ్యి తిప్పిన గీతలు అయిదు వేళ్ళతో సహా కనిపిస్తున్నాయి. జాడలు తీసే ఇంటి మనిషి, ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ గీతల్నీ నా చేతినీ మార్చి మార్చి చూసింది.

"ఆయనకు ఏం చెప్పమంటావు సామీ?" అంది.

ఆమె గంప తీసుకుని వెళ్ళిపోయింది. ఆయనకు ఆరు నెలలు జైలు పడింది.